బల్ల దగ్గర ఉండేది అక్కే కదా

మ్యాచ్ ఉన్న ప్రతి ఉదయం ఆటగాళ్ళ బ్యాట్లు తనిఖీ చేయడానికి సాఫ్ట్‌బాల్ మైదానం గేటు పక్కన బల్ల వేసుకుని కూర్చుంటుంది గేజక్క. ఒక్కో బ్యాటునూ గేజు అనే ఇనుప రింగులోంచి దూర్చి చూస్తుంది. లీగ్ ముద్రను బొటనవేలితో తడుముతుంది. చివరికి బ్యాటును చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తడుతుంది. ఎవరెంత తొందరపెట్టినా తొణకదు. ఆ రోజు చెల్లెలి బ్యాటు రింగులోంచి సాఫీగా వచ్చింది, ముద్రా ఉంది. నెల కిందట నిబంధనల పుస్తకం చేత పట్టుకుని, దుకాణంలో పూటంతా వెతికి తనే ఎంచి ఇచ్చిన బ్యాటది. తట్టి చూస్తే మోత తేడాగా వచ్చింది. బంతి దూరం పోవాలని లోపలంతా గీకించి పలచన చేయించినట్టుంది.

“లోపల గీకించావా?” అంది మెల్లగా.

“చాలామంది చేయిస్తున్నారక్కా. బల్ల దగ్గర ఉండేది నువ్వే కదా అని ధైర్యం చేశాను.”

గీకించినందుకు కాదు, ఆ రెండో మాటకు గేజక్క ప్రాణం చివుక్కుమంది. బ్యాటు పక్కన పడేసి, తప్పుడు బ్యాట్ల వివరాలు రాసే కాగితం మీద చెల్లెలి పేరు రాసి సంతకం పెట్టింది. చెల్లెలు విసవిసా వెళ్ళి, జట్టులో ఒకమ్మాయి బ్యాటు అడిగి తెచ్చింది.

“దీన్ని ఇందాకే చూశావక్కా.”

గేజక్క ఆ బ్యాటు అందుకుని మళ్ళీ మొదటినుంచీ చూసింది.