ఇంకా పైకి ఎక్కించని జత

పోయిన నెల ఒక సోమవారం పొద్దున మంగళగిరిలో ఆఫీసుకి బయల్దేరుతుంటే బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందే," అన్నాడు. గిత్తలకి దాణా పెట్టి వచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగిందట. అతను గ్లాసు తెచ్చేలోపే పక్కకి ఒరిగిపోయిందట.

ఆమె మా మేనత్త, నాన్నకి అక్క. మా వైపు బండలాగుడు పోటీలకి వెళ్ళే అలవాటుంటే మీరూ ఆమెని చూసే ఉంటారు. మగవాళ్ళ మధ్య చేతులు కట్టుకుని నిలబడి, ఎద్దుల్ని వదిలేసి జనం మొహాలు చూసే పొడుగాటి ఆవిడ. అదేంటత్తా అంటే, "ఎద్దు ఎంత లాగుద్దో నాకు తెలుసు. వీళ్ళు ఏమనుకుంటున్నారో తెలియదుగా," అనేది.

ఈ పోటీల్లో గిత్తల్ని పళ్ళను బట్టి, అంటే వయసును బట్టి విడదీస్తారు. పాల పళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు, ఆరు, ఆపైన పెద్దవి. మెట్టు మారేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన టైములో ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. లేత జతని పై విభాగంలో దించొచ్చు, ముదురు జతని కింద దించకూడదు. అత్తకి జీవితమంతా తెగని ప్రశ్న అక్కడే పుట్టింది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆమె దగ్గర ఒక జత ఉండేది. రెండు పళ్ళ విభాగంలో వరసగా గెలిచాయి. దాచేపల్లి వైపు నుంచి ఒక రైతు బేరానికొచ్చాడు. మంచి ధరే చెప్పాడు. అత్త ఆగమంది. రెండు పళ్ళ మీదుండగానే నాలుగు పళ్ళ పోటీలో గెలిస్తే ఆయనే ఇంకా పెంచుతాడని ఆమె ఆలోచన. ఆయన్నీ చూడమని పిలిచింది.

పోటీ రోజు సగం టైములోనే ఎడం పక్క గిత్త కూర్చుండిపోయింది. ఎంత అదిలించినా లేవలేదు. కాడి విప్పించి, అత్తే దాని మెడ నిమురుతూ పక్కన కూర్చుంది. తల ఎత్తి చూస్తే దాచేపల్లి ఆయన అప్పటికే బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

"నిన్నటి గిత్తే కదే ఇది," అంది నాతో. "ఒక్క పూటలో దీంట్లో ఏం తగ్గింది?"

ఏం తగ్గిందో గానీ, తగ్గింది మాత్రం నిజం. ఆ తర్వాత బండ కనిపిస్తే చాలు, అది కాళ్ళు తన్ని పెట్టి ఆగిపోయేది. అత్త దాన్ని నెలల తరబడి కాడి లేకుండా ఊరికే బండ చుట్టూ నడిపించింది. "తొందరపడింది నేను, భయం దీనికి," అనేది. ఆరు పళ్ళ వయసుకి ఆ జత మళ్ళీ గెలిచింది కూడా. కానీ 'కూర్చున్న గిత్త' అనే పేరు పోలేదు. పాత ధర మళ్ళీ ఎవరూ అనలేదు. అత్త వాటిని ఉంచేసుకుంది.

"ముందే పైకి ఎక్కించబట్టి చెడిందా, దాని సత్తా అంతేనా? ఇంకోసారి రెండు పళ్ళ దాన్ని చేసి చూడలేం కదా," అని ఏ పత్తి చేలో కలుపు తీస్తున్నా గుర్తొచ్చి అడిగేది. వగచినట్టు ఉండేది కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగేది.

నాకు ఉద్యోగంలో రెండో ఏడే టీమ్ లీడర్ని చేస్తామన్నారు. సంతోషంగా ఫోన్ చేస్తే ఆమె అడిగింది ఒకటే.

"నువ్వు కూర్చుండిపోతే కాడి విప్పేవాళ్ళున్నారా అక్కడ?"

మర్నాడు మా మేనేజర్ని దాదాపు అదే మాట అడిగాను, ఎద్దుల సంగతి చెప్పకుండా. ఆయన మొదటి ఆరు నెలలు తనూ తోడుంటానన్నాడు. అప్పుడే ఒప్పుకున్నాను.

తర్వాతి జతని అత్త వాటి విభాగం దాటనివ్వలేదు. నిరుడు సింగరాయకొండ దగ్గర్నుంచి ఒకాయన వచ్చి మొదటి జతకి ఎవరూ అననంత ధర అన్నాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"పై పోటీలో దించి చూశారా అమ్మా?" అన్నాడు.

"లేదండి. ఎంత లాగుతాయో నాకూ తెలియదు. తెలియదు కాబట్టే మీరింత ఇస్తున్నారు."

ఆయన నవ్వి, ఆ ధరకే తోలుకెళ్ళాడు. అత్త మాత్రం ఆ సాయంత్రమంతా పరధ్యానంగా ఉంది. "ధర తెలిసింది. గిత్తలే తెలియలేదు," అంది.

అత్త పెద్దకర్మకి ఆ సింగరాయకొండ ఆయనా వచ్చాడు. భోజనాలయ్యాక నన్ను పక్కకి పిలిచి, అత్త పోవడానికి ముందు వారమే వాటిని రెండు పళ్ళ మీదుండగానే నాలుగు పళ్ళ పోటీలో దించానని చెప్పాడు. రెండో స్థానమట.

"ఇంకో ఏడాది ఆగుంటే మొదటిదొచ్చేదంటారా?" అని నన్నే అడిగాడు. "మీ అత్తగారిని అడుగుదామనుకున్నానండి."

నాకు తెలియదన్నాను. ఫోన్ తీసి వీడియో చూపించాడు. తడిపిన ఎర్రమట్టి, చుట్టూ జనం. రెండు గిత్తలూ కాడి కింద మెడలు వంచి, చెవులు ముందుకి పెట్టి నిలబడి ఉన్నాయి. వెనక గొలుసు బిగుసుకుంటోంది. అంతలో బొమ్మ ఊగి, ఆగిపోయింది.

"తోలేది నేనే కదండీ," అన్నాడు. "అక్కడ ఫోన్ జేబులో పెట్టేశాను."

ఇంకోసారి వెయ్యమన్నాను. పక్కన ఆరబోసిన మిరపకాయల ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ ఇద్దరం మళ్ళీ చూశాం. గొలుసు బిగుసుకుంది. బండ ఇంకా కదల్లేదు.