గోనె బాతుల మధ్య చోటు

మా అమ్మాయి పోయి రెండు నెలలైంది. ఆఫీసులో కుర్చీలోంచి లేవబోయి పడిపోయిందట. మెదడులో నరం చిట్లిందన్నారు. నేను ఆసుపత్రికి చేరేసరికి చెయ్యి వెచ్చగానే ఉంది, మనిషి లేదు. ఆ రోజుల్లో వంటలు పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నవాళ్ళు మీలో ఎందరో ఉన్నారు. మన ఆష్‌బర్న్‌లో దాని ఉద్యోగం అందరికీ తెలుసు, దాని నవ్వూ తెలుసు. బాతుల సంగతే చాలామందికి తెలియదు. అది చెబుదామని రాస్తున్నాను. నేను అయిదో తరగతితో ఆపేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా గరాజ్‌లో కారు ఎప్పుడూ పెట్టలేదు. బాతులుండేవి. ప్రాణమున్నవి కావు, బొమ్మలు. పక్కింటి అమెరికన్ పెద్దాయన చలికాలంలో బాతుల వేటకి వెళతాడు. బొమ్మ బాతుల్ని నీళ్ళ మీద వదిలితే, పైన ఎగిరే బాతులు తమవాళ్ళే అనుకుని దిగుతాయట. దిగేటప్పుడు కాలుస్తారు. ఆయన దగ్గర మా అమ్మాయి ఈ బొమ్మల పని నేర్చుకుంది. తర్వాత లైసెన్సు తెచ్చుకుని వేటకీ వెళ్ళింది.

"నీకు తుపాకీ ఏమిటే?" అన్నాను.

"నిన్న కోడి పులుసు ఎవరు వండారమ్మా?"

"కోడికి బొమ్మ చూపించి మోసం చెయ్యలేదు నేను."

"పాయింటే" అని నవ్వి మళ్ళీ పనిలో పడింది. ఆ చలికాలం అది తెచ్చిన రెండు బాతుల్నీ తిట్టుకుంటూనే ఇగురు పెట్టాను.

ఆఫీసులో మెషీన్లకి ప్యాకింగ్‌గా వచ్చే ఫోమ్ దిమ్మలు పారేస్తుంటే అడిగి తెచ్చుకునేది. కత్తితో కోసి, ఆకురాయితో రుద్ది, బాతు ఒళ్ళు తీర్చేది. తల మటుకు పెద్దాయన కర్రతో చెక్కి ఇచ్చేవాడు. ఆ ఫోమ్ మీద గోనె తొడగాలి. గోనెకి రంగు బాగా పట్టుకుంటుంది, ఎండలో మెరవదు. "మెరిస్తే రావమ్మా, ప్లాస్టిక్ అని కనిపెట్టేస్తాయి" అనేది. అందుకని ఇంట్లో అయిపోయిన బాస్మతి బియ్యం సంచులన్నీ దాచేది. జిగురుతో అతికిస్తే పొట్ట కింద మడత లేచిపోయేది. అలా మూడు బాతులు పాడయ్యాక నాలుగోదాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పోయారు. రైసుమిల్లులో బియ్యం సంచుల మూతులు కుట్టి దాన్ని పెంచాను. దబ్బనం ముట్టుకుని చాలా ఏళ్ళయింది. వేటకి సాయం చెయ్యకూడదనే అనుకున్నాను. కాని అది వేసిన వంకర కుట్టు చూసి ఊరుకోలేకపోయాను. గోనెని తడిపి, పిండి, తడి మీదే లాగి కుట్టాలి. ఆరాక దానంతటదే బిగుసుకుంటుంది. అలా కుట్టి ఇచ్చాను. అది వేలితో కుట్టంతా తడిమి, "ఈ కుట్టు తిని పెరిగానన్నమాట" అంది. తర్వాత తలొంచుకుని ఆ కుట్టు మీద వేలితో జిగురు పూస్తూ కూర్చుంది.

పన్నెండు బాతులు తయారయ్యాయి. పెద్దాయన వచ్చి చూసి "బ్యూటిఫుల్, బ్యూటిఫుల్" అని ఎన్నిసార్లన్నాడో. నాకు భయం వేసింది. మర్నాడు అది ఆఫీసుకి వెళ్ళాక నల్ల రంగు డబ్బా తీసి, ప్రతి బాతుకీ బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టాను. వాటిని ముందు చూసింది పెద్దాయనే. కళ్ళజోడు సర్దుకుని, ఇన్నేళ్ళలో ఇలాంటి బాతుని చూడలేదే, ఇదేం జాతి అని అడిగాడట. "మా అమ్మ జాతి" అని చెప్పిందట.

"చెరిపెయ్యనా?" అన్నాను.

"ఉండనీ అమ్మా. నీళ్ళ మీద మనవేవో తెలుస్తాయి."

బాతులకి పెట్టాను. మా అమ్మాయి బుగ్గన పెట్టడం ఏ వయసులో మానేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

వేటకి వెళ్ళినప్పుడల్లా నన్ను పిలిచేది. "ఒక్కసారి రా. కాల్చడం చూడక్కర్లేదు. బొమ్మలు పేర్చడం చూసి కార్లో కూర్చో." ఒక ఏడాది చలి అన్నాను, ఒక ఏడాది మోకాళ్ళన్నాను, మూడో ఏడాది పాపం అన్నాను. సరేనని వంటింటి బల్ల మీద నిమ్మకాయలతో పేర్చి చూపించేది. ఇటు కొన్ని, అటు కొన్ని, మధ్యలో ఏమీ ఉండేది కాదు. వెలితిగా ఉందని నేనొక కాయ మధ్యకి జరిపితే తీసేసేది.

"అదే అసలు చోటమ్మా. దిగడానికి జాగా లేకపోతే వచ్చేవాళ్ళు ఎలా వస్తారు?"

పోయిన వారం పెద్దాయన తలుపు కొట్టాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం అని ఆయనకి తెలుసు. గరాజ్ వైపు చూపించి, "సాటర్‌డే. యూ కమ్. షీ వాంటెడ్ దట్" అన్నాడు. వెంటనే "నో గన్" అని రెండు చేతులూ ఖాళీగా చాపి చూపించాడు.

ఆ బాతుల మీద, జిగురు ఆరిన చోట్ల, దాని వేలిముద్రలున్నాయి. రోజూ వెళ్ళి చూసుకునేదాన్ని. ఇన్నాళ్ళూ నీళ్ళలో నానినవే అయినా, ఈసారి వేస్తే అవి ఏమైపోతాయో అనిపించింది. కాని మూడు చలికాలాలు రానన్నాను. నాలుగోసారి అనడానికి నోరు రాలేదు.

శనివారం పొద్దున్నే దాని జాకెట్ వేసుకుని వెళ్ళాను. జేబులో, నేను బాతులు కుట్టగా మిగిలిన చిన్న పురికొస ఉండ ఉంది. మంచు ఇంకా విడలేదు. పెద్దాయన మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఒక్కొక్క బాతునీ అందుకుని, బరువు కట్టిన తాడు వదిలి నిలబెట్టాడు. నా కుట్లు నీళ్ళ కిందికి వెళ్ళిపోయాయి, కనబడలేదు. చుక్కలు కనబడ్డాయి. ఇటు ఆరు, అటు ఆరు పెట్టాక ఆయన ఒడ్డుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాస్త గాలి వచ్చి, పన్నెండు బాతులూ ఒకేసారి మెల్లగా తలలు తిప్పాయి. మధ్యలో నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. వెలితిగా ఉందని ఈసారి నేను అనలేదు. జేబులో ఉండ పట్టుకుని, ఆ చోటునే చూస్తూ కూర్చున్నాను.