దింపుడు కల్లం దగ్గర మూడు పిలుపులు

దయ్యాలను నమ్మేవాణ్నయితే శవం వేషం వేయడానికి ఒప్పుకుంటానా? అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆ రోజు సంగతి మాత్రం ఎటూ తేలలేదు.

ఎనభైల మొదట్లో, కత్తిరి ఎండల్లో, పూతలపట్టు టూరింగ్ టాకీసుకు ఒక నవ్వుల సినిమా వచ్చింది. చచ్చినవాళ్లు గుంపుగా లేచొచ్చి ఇంటింటికీ తిరిగి కాఫీ అడుగుతారు. జనం భయపడాల్సిన చోట నవ్వారు, నవ్వాల్సిన చోట నిద్రపోయారు. రెండో రోజుకు టాకీసులో మనుషులకన్నా కుక్కలే ఎక్కువ.

ఆ టాకీసు నా స్నేహితుడు గజేంద్ర వాళ్ల మామది. ప్రచారానికి గజేంద్రే ఉపాయం చెప్పాడు. నన్ను పాడె మీద ఊరేగిస్తారట. శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకసారి దించి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు కదా, ప్రాణం ఏ మూలనైనా మిగిలుంటే లేస్తారేమోనన్న ఆశతో. అదే దింపుడు కల్లం. కూడలిలో నన్ను దించి గజేంద్ర పిలవాలి. మూడో పిలుపుకు నేను లేచి సినిమా పేరు అరవాలి.

చిత్తూరులో మా ఇంట్లో చెప్పలేదు. చెబితే నాయన నిజం పాడెనే కట్టించేవాడు.

గజేంద్ర పనిమంతుడు. ముక్కుల్లో దూది పెట్టాడు, దవడకు గుడ్డ కట్టాడు, తాళ్లతో పాడెకు బిగించాడు. శవానికి లేని అవసరం ఒకటి నాకుందని, అది ఊపిరని, ఇద్దరికీ తట్టలేదు.

మిట్ట మధ్యాహ్నం. బజారు సగం దాటేసరికి గాలి ఆడలేదు. అరుద్దామంటే నోరు కట్టేసి ఉంది. ఎలాగో కాళ్లు ఆడించాను.

"ఒరే, శవం కదలకూడదప్పా!" అని గజేంద్ర గదమాయించాడు.

"పాపం, ఎవురి బిడ్డో, ఎర్రగా ఉండాడు" అని ఎవరో ముసలమ్మ ఏడ్చింది. బతికుండగా ఆ మాట ఎవరూ అనలేదు.

డప్పు చప్పుడు దూరమైపోయింది. చచ్చిపోతున్నానని నిజంగానే తెలిసింది. పాడె దించడం కూడా తెలియలేదు.

అప్పుడు చెవిలో ఒక గొంతు.

"లెయ్‌రా గోపిగా, కూడు సల్లారిపోతాది."

అది మా అవ్వ గొంతు. పక్షవాతం వచ్చి చిత్తూరులో మంచం పట్టిన అవ్వ. చాన్నాళ్లుగా ఆమె నోట ఒక్క మాట లేదు. మళ్లీ అదే పిలుపు. మూడోసారి విసుగ్గా, చిన్నప్పుడు నన్ను రోజూ లేపినట్టే.

ఒక్క ఊపున లేచాను. తాడు తెగింది. దవడ గుడ్డా దూదీ పీకి గాలి మింగాను. జనం చెప్పులు వదిలేసి పరుగెత్తారు. సినిమా పేరు అరవడం మరచిపోయాను.

"మూడుసార్లు బాగా పిలిచినావప్పా" అన్నాను గజేంద్రతో.

"నేనా? పిలుస్తానన్నా గానీ, బతికుండేవాని పేరు పాడె కాడ పిలుస్తారా? మాయమ్మ తోలు తీస్తాది. ఉత్తినే నీ చెవి కాడ నోరు పెట్టినా. గిల్లి లేపుదామనుకుంటి."

బస్సెక్కి ఇంటికి పోతే, అమ్మ గుమ్మంలోనే ఏడుస్తూ నవ్వుతోంది.

"అవ్వ మాట్లాడిందిరా! మద్దేన్నం అన్నం పెడతా ఉంటే, 'లెయ్‌రా గోపిగా, కూడు సల్లారిపోతాది' అనింది. మూడుసార్లు! నువ్వు యాడ పండుకోనుంటివో!"

ఎండకు నా బుర్రే అవ్వ గొంతు కల్పించుకుందనుకుందాం. అవ్వకూ అనుకోకుండా మాట వచ్చిందనుకుందాం. రెండూ ఒకే మధ్యాహ్నం, ఒకే మాటగా ఎలా వచ్చాయో నా తెలివికి ఇప్పటికీ అందలేదు.

అవ్వ మళ్లీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, "ఎట్ల తెలిసె అవ్వా?" అని అడిగాను. ఎడమచేత్తో తన పళ్లెం నా వైపు తోసింది.

ఎదురు చెప్పే ధైర్యం లేక తిన్నాను.