ఆ తడవ వంతు మాదే

నా చిన్నప్పుడు మాకు ఊరంటే పని దొరికిన చోటే. పాలమూరు నుంచి వచ్చిన కూలీ గుంపుతో సికింద్రాబాద్ మెట్టుగూడ అవతలి కూరగాయల తోటల్లో గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లం. దూరపు పనికి మేస్త్రి పిలిస్తే ఒక తడవ మా ఇల్లు, మరో తడవ చిన్నాయన వాళ్ల ఇల్లు కదలాలని మా నాయన, చిన్నాయన వంతు పెట్టుకున్నారు. ఆగిపోయిన ఇంటి పిల్లవాడు రైల్వే ఇళ్ల వెనక ఉన్న బడికి పోయేవాడు. చిన్నాయన కొడుకు నాకు ఏడాది చిన్న. నేనూ ఆ తమ్ముడూ అట్లా వంతులవారీగా చదువుకున్నాం. నిజానికి వాడే నాకంటే చురుకు.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడు, ఆ వానాకాలంలో, భువనగిరి వైపు జొన్నచేలకు మనుషులు కావాలన్నాడు మేస్త్రి. మంచె మీద పిట్టలు తోలడానికి ఒక పిల్లవాడూ కావాలి. వంతు మాది. అప్పటికే సికింద్రాబాద్‌లో పొద్దు గూకకముందే దుకాణాలు మూతపడుతున్నాయి. రజాకార్ల లారీలు అటే పోతున్నాయని బండివాళ్లు చెబితే, వింటున్నవాళ్లు లేచి వేరే పనిలో పడేవారు.

కదలవలసిన రోజు అమ్మ నన్ను చాప మీద పడుకోబెట్టి, ఒంటికి పసుపు పూసి, గుమ్మానికి వేపమండలు కట్టింది. అమ్మవారు పోసిన ఇంట్లో పైవాళ్లు అడుగు పెట్టరు. తగ్గి తలకు నీళ్లు పోసేదాకా ఆ ఇంటివాళ్లు పొలిమేర దాటరు. నాకు జ్వరమైనా లేదు.

“కండ్లు దెర్సినవంటే సదువు పోయినట్టే బిడ్డా,” అంది అమ్మ నా చెవిలో.

మేస్త్రి గుమ్మం అవతలే ఆగిపోయాడు.

“ఏంది చెల్లె, బండి కట్టినంక గీ పరేషాన్?”

“తల్లి వచ్చుడు మన చేతుల ఉంటదా అన్నా? లోపటికొచ్చి సూడరాదు.”

“నేనెందుకొస్త! నాకు సుత పిల్లలున్నరు.” చిన్నాయన గుడిసె వైపు తిరిగి అరిచాడు. “ఓ సిన్నోడా, నువ్వే లెవ్వాలె. పోరన్ని సుత తోలుకరా!”

నాయన బయటే ఉన్నాడు. ఆయనకు సంగతి తెలుసో తెలియదో నేనెప్పుడూ అడగలేదు.

బండి కదిలే ముందు తమ్ముడు బయటి నుంచి పిలిచాడు. “అన్నా, పానం జెర మంచిగ జూస్కో. పిట్టలు నాకేం లెక్కగాదు గని, నేనొచ్చేదాక బళ్లె నా జాగ ఎవ్వనికియ్యకు!”

నేను కళ్లు తెరవలేదు. అమ్మ చెయ్యి నా నోటి మీద బిగుసుకుంది.

కొద్దిరోజులకే ఇండియా ఫౌజు వచ్చింది. తోటలో అందరూ గండం గడిచిందన్నారు. అమ్మ మాత్రం వంట మధ్యలో లేచి దారివైపు చూసేది. చలి మొదలయ్యాక చిన్నమ్మా తమ్ముడూ ఎక్కడెక్కడో తలదాచుకుని నడిచి వచ్చారు. ఫౌజు రాకముందే రజాకార్లు ఆ ఊరు తగలబెట్టారట. కట్టేసిన ఎడ్లను విప్పుతానని వెనక్కి పోయిన చిన్నాయన మళ్లీ కనబడలేదట. చెప్పిందంతా చిన్నమ్మే.

మర్నాటి నుంచి తోటలో తండ్రి పని వాడిదైంది. నేను బడికి రమ్మని పిలిస్తే, “ఇగ నువ్వే సదువుకో అన్నా,” అని బావి దగ్గర మోట తోలడానికి పోయాడు.

నేను చదివి ఉద్యోగస్తుణ్ణయ్యాను. వాడు పెద్దయ్యాక సికింద్రాబాద్ గూడ్సు షెడ్డులో బస్తాలు మోశాడు. మా ఇంటికి ఎవరొచ్చినా వాడే గొప్పగా చెబుతాడు, అమ్మవారే మా అన్నను ఆపి సదివిచ్చింది అని. నేను నవ్వి ఊరుకుంటాను. అమ్మ పోయింది. ఇక ఆ మాట తప్పని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరైనా నన్ను అదృష్టవంతుడంటే ఇప్పటికీ పెదవుల మీద ఆ చెయ్యి బిగుసుకున్నట్టే ఉంటుంది.

ఆ రోజు నా ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఇదే మొదటిసారి రాస్తున్నాను. అచ్చయితే నలుగురూ చదువుతారు. తమ్ముడు చదవలేడు, నేర్చిన నాలుగు అక్షరాలూ బస్తాల కింద ఎప్పుడో పోయాయి. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని వినిపించాలి. ఆ పని నేనే చెయ్యాలి.