గుమ్మపాలు తాగిన మెడ

ఆ రోజు చొక్కా కాలరు గుండీ పట్టలేదు. నా భార్య లక్ష్మి నవ్వుతూ వచ్చింది. "బువ్వ ఎక్కువైనట్టుందిగ!" అంటూ మెడ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "ఏందిది, గిట్ల గడ్డ కట్టింది?"

నొప్పి లేదు కనుక ఊరుకున్నాను. నేను సూరత్‌లో, బమ్రోలిలో పవర్‌లూమ్ నడుపుతాను. కొన్నాళ్లకు సాయంత్రాలు జ్వరం మొదలైంది, ప్యాంటు వదులైంది. యాంటీబయాటిక్స్‌తో తగ్గలేదు. పెద్దాసుపత్రిలో సూదితో గడ్డలోంచి కొంత తీసి ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష చేశారు. టీబీ అన్నారు.

"నాకు దగ్గే లేదు మేడమ్."

"ఊపిరితిత్తులకే రావాలని లేదు. నీ ఎక్స్‌రే బాగుంది, ఇది మెడలోని లింఫ్ గ్రంథికి వచ్చింది" అని డాక్టరమ్మ హిందీలో చెప్పి, "పచ్చిపాలు తాగుతావా?" అని అడిగింది.

తాగుతాను. పొదుగు కింద గ్లాసు పట్టి, నురగతో, వెచ్చగా అక్కడే తాగే గుమ్మపాలు. కాస్తే బలం పోతుందని మావాళ్ల నమ్మకం. రాత్రి షిఫ్టు దిగి పొద్దున్నే, పాలమ్మే రేవాబెన్ పశువుల తబేలాకు, ఆమె ఆవు గౌరి దగ్గరికి వెళ్లేవాణ్ణి. తెలుగువాళ్లకు పాలు పోసి పోసి ఆమెకు మన మాటలు బాగానే వచ్చాయి.

కల్చర్ రిపోర్టు రావడానికి వారాలు పట్టింది. పశువుల్లో ఉండే రకం టీబీ అని తేలింది. "దీని మీద పైరజినమైడ్ అనే టీబీ మందు పనిచేయదు. కోర్సు ఇంకొన్ని నెలలు ఎక్కువ" అంది డాక్టరమ్మ. నేను చిన్నప్పుడే బడి మానేసినా లైబ్రరీ మానలేదు. గుజరాతీ లిపి అక్కడి పత్రికల్లోనే నేర్చుకున్నాను. పశువైద్యం పుస్తకం తీసి కూర్చున్నాను. చదువుతుంటే రేవాబెన్ కోడలు గుర్తొచ్చింది. కడుపుతో ఉంది. రోజూ ఆ పాలే తాగుతోంది.

లక్ష్మీ నేనూ వెళ్లి సంగతి చెప్పాం.

రేవాబెన్ పేడ చేతులు నడుముకు పెట్టుకుంది. "గౌరి మా ఇంటి మనిషి. బీమారీ నీకు, బద్నామ్ దానికా? నువ్వే దానికి అంటించినవేమో!"

మనిషి నుంచి పశువుకు కూడా సోకవచ్చని పుస్తకంలో ఉంది. నా ఊపిరితిత్తులు బాగున్నాయని ఎక్స్‌రే మాట చెప్పబోతుంటే లక్ష్మి నా చెయ్యి నొక్కింది.

"గౌరి తప్పని ఎవలన్నరు బెన్? దానికి గూడ పానం బాగలేదేమో, జర చూపిద్దం."

రేవాబెన్ ఆవు మెడ నిమిరింది. "మేత తింటలేదు. దగ్గుతున్నది. ఎవ్వలకు చెప్పలే. చెప్తే పాలు ఎవ్వలు కొంటరు?" అంది.

పశువుల డాక్టరు వచ్చి ఆవులన్నిటికీ మెడ చర్మంలో టీబీని తేల్చే ట్యూబర్‌కులిన్ సూది వేసి, మూడోనాడు వచ్చి చూశాడు. గౌరి మెడ ఒక్కటే ఉబ్బింది. దాన్ని వేరే పాకలో కట్టారు. దాని పాలు ఎవరికీ పోయలేదు. సంగతి పాకి మిగతా ఆవుల పాలు కూడా కొన్నాళ్లు ఎవరూ కొనలేదు. మేం మానలేదు, కాచి తాగాం. కోడలిని లక్ష్మే ఆసుపత్రికి తీసుకెళ్లింది. టీబీ లేదన్నారు. వెంట వచ్చిన రేవాబెన్ ఆ మాట విని ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

నాకు మందులు పడలేదు. వాంతులయ్యాయి, కళ్లు పచ్చబడ్డాయి. లివర్ దెబ్బతిందని మందులాపి, తర్వాత ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టారు. "ఇంక నాతోటి కాదు" అని నేనంటే, "కాకపోతే ఎట్ల? నోరు తెరువు" అని లక్ష్మి మాత్ర నాలుక మీద పెట్టేది.

ఇప్పుడు కోర్సు పూర్తయింది. గడ్డ పోయి చిన్న మచ్చ మిగిలింది. మగ్గం నడుపుతున్నాను. గౌరి వానాకాలంలో పోయింది. ఆ రోజు సెలవు పెట్టి రేవాబెన్ దగ్గర కూర్చున్నాను.

చదివేవాళ్లకు ఒకటే చెప్పగలను. ఎంత నమ్మకమైన ఇంటి పాలైనా పొంగేదాకా కాచి తాగండి. ఎప్పుడైనా అనుమానం వచ్చి పాలు పోసే మనిషి దగ్గరికి వెళితే, ముందు ఆవు ఎట్లా ఉందని అడగండి.