ఆరు గంటల లెక్క

ఎడారి దేశంలో, అర్దియాలో దిగిన రోజు నీడలోనే నలభై ఎనిమిది డిగ్రీలు. దుమ్ముగాలి. సైన్యంలో పద్దెనిమిదేళ్లు వంతెనలు వేసినవాణ్ణి. అక్కడ యార్డు ఫోర్మన్‌గా చేరాను. హెల్మెట్, బూట్లు, వాకీటాకీ ఇచ్చారు.

మూడో నెలలో ఆర్డరొచ్చింది. గ్యాసు పైపులున్న కందకం మీదుగా క్రేన్ దాటాలి. రెండు పాత ఇనుప దూలాలు వేసి, పైన ప్లేట్లు పరిచాం. ఒక దూలానికి చివర దగ్గర ఎవరో ఎప్పుడో కేబుల్ కోసం పెద్ద బొక్క కోసి ఉన్నారు.

ఉదయం ఏడు. హైదరాబాదీ మేనేజరు కాగితం ఊపాడు. "లెక్క పాసైంది. అర్ధగంటల అయిపోయింది. యల్లా, దాటించు."

ఆ లెక్క చేసిన ఇంజనీరమ్మ పక్కనే ఉంది. భీమవరం పిల్ల.

"ఈ లెక్కలో బొక్క ఉండాదామ్మా?" అన్నాను.

"లేదండి. ఈ లెక్కకి దూలమంటే ఒట్టి గీతండి. సారుకీ చెప్పానండి."

"బొక్కతో లెక్క కట్టాలంటే?"

"వంతెనంతా కంప్యూటర్లో ముక్కముక్కగా చూడాలంటే నాలుగు రోజులండి. అంత అక్కర్లేదు. మిగతాదానికి ఈ గీత చాలు. బొక్క చుట్టూ మాత్రం సన్న ముక్కలుగా చూస్తాను. ఆరు గంటలండి."

"అద్దె క్రేన్ అది. ఆరు గంటలు ఎవడిస్తడు?" అన్నాడు మేనేజరు.

క్రేన్ తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. "నేనిస్తా సార్. బండి కదల్దు."

"నీ ఇఖామా రెన్యూ కాదు, ఇంటికి పోతవ్, చూస్కో."

"కాకపోతే పాయె. పైన ఉండేది మా డ్రైవరు. కిందుండేది గ్యాసు."

వెళ్లి క్రేన్ ముందు నిలబడ్డాను. పక్కకి జరగలేదు.

మధ్యాహ్నం పదమూడు ఇరవైకి వాకీటాకీ పలికింది. "ఫోర్మన్ గారూ, బొక్క మూల దగ్గర ఇనుము ఆగదండి. మిగతాదంతా బాగానే ఉంది. బొక్కకి రెండువైపులా పలకలు వెల్డింగ్ చేయించండి, చాలు."

చేయించాను. ఆమె మళ్లీ లెక్క చూసింది. మర్నాడు ఉదయం ఆరింటికి క్రేన్ దాటింది.

మేనేజరు మాట తప్పలేదు. ఒప్పందం ముగియగానే నన్ను పంపేశారు. మా రాయచోటిలో అడుగుతారు, బంగారంలాంటి ఉద్యోగం ఒక బొక్క కోసం పోగొట్టుకుంటివే అని. మళ్లీ పంపినా అదే చేస్తాను.

ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. క్రేన్ దాటేటప్పుడు కందకం అంచున, పక్కగా, ఆ పిల్ల ఇసుకలో బోర్లా పడుకుంది. చెంప నేలకానించి, దూలానికి అంటించిన స్కేలునే చూస్తోంది. వంపు ఐదు మిల్లీమీటర్లు దాటితే ఆపాలి. చక్రాలు మధ్యకొచ్చాయి.

"మూడు... నాలుగు..."

ఆపమనడానికి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాను.

"నాలుగేనండి! రానివ్వండి!"