నలుగుర్నీ అడిగి చెబుతా

వగ్దీకి ఉన్న జబ్బు ఒక్కటే. సలహా అడక్కుండా ఏ పనీ చేయడు. ఆయన చెప్పులు కొనాలంటే అలెగ్జాండ్రియాలో ఆయనుండే వీధి వీధంతా ఆయన పాదాల గురించి ఆలోచించాల్సిందే. పెళ్లికి ముందు కూడా సగం ఊరిని అడిగాకే సరేనన్నాడు. ట్రాము కండక్టరు మాత్రం ఒప్పుకోలేదట. భార్య ఈనాస్ ఆ ట్రాము ఇప్పటికీ ఎక్కదు.

ఆయన పుస్తకాలకు బొమ్మలు వేస్తాడు. ఉద్యోగం కాదు, ఎవరు పిలిస్తే వాళ్లకే. కొన్ని నెలలుగా పిలిచినవాడు లేడు. అలాంటి సమయంలో షార్జా నుంచి ఒక ప్రచురణ సంస్థవాళ్లు కాంట్రాక్టు పంపారు. ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చుని వాళ్ల బడిపుస్తకాలకు బొమ్మలు వేయాలి. అయితే ఆ ఏడాది ఇంకెవరికీ గీత కూడా గీయకూడదు. గురువారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

"సంతకం పెట్టెయ్యండి," అంది ఈనాస్.

"నలుగుర్నీ అడిగి చెబుతా."

మొదట చేపలు వేయించే ఉమ్ సబ్రీ దగ్గరికి వెళ్లాడు. "ఏడాదంతా ఒక్కడితోనేనా? అది పని కాదు నాయనా, కాపురం! వంటెవరు చేస్తారో రాశారా అందులో?" అందామె.

మంగలి హిల్మీ సగం గడ్డం గీసి, మిగతా సగం వదిలేసి వాదనకు దిగాడు. "పులిమీద పుట్రలాగా ఈ షరతేంటి ఉస్తాద్? ఒప్పుకోవద్దు!" అన్నాడు. పక్క కుర్చీలో ఉన్నాయన ఒప్పుకోమన్నాడు. వాళ్లిద్దరి గొడవ తేలేలోపు వగ్దీ సగం గడ్డంతోనే ఇల్లు చేరాడు.

గురువారం వచ్చింది. వగ్దీ ఫోను ఇంట్లో మరిచిపోయి ఎటో వెళ్లాడు. ఫోను మోగితే ఈనాస్ తీసింది.

"షార్జా నుంచమ్మా. మొదటి బొమ్మలు అందాయి, చాలా బాగున్నాయని చెప్పండి."

"మొదటి బొమ్మలా? ఇంకా సంతకమే పెట్టలేదుగా!"

"కాంట్రాక్టు పంపిన రోజే పెట్టేశారమ్మా."

ఈనాస్‌కు ఒళ్లు మండిపోయింది. ఇంకా ఎవర్నో అడగడానికి పైకే వెళ్లుంటాడని చరచరా పై అంతస్తుకు ఎక్కింది. అక్కడ ఫిక్రీ అనే పెద్దాయన ఒక్కడే ఉంటాడు, కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. తలుపు సందులోంచి చూస్తే ఆ ఎండలో ఆయన కోటు వేసుకుని, టై కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా వగ్దీ చేతులు కట్టుకుని ఉన్నాడు.

"తొందరపడకు. రాత్రి ఆలోచించి పొద్దున చెబుతా," అన్నాడు ఫిక్రీ.

"మీ మాట లేకుండా సంతకం పెడతానా మామయ్యా!"

మెట్ల మీద ఈనాస్ మొగుణ్ణి పట్టుకుంది. "ఏంటీ నాటకం?"

"ఆయన్ని ఇప్పుడు అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. తిన్నావా, మందేసుకున్నావా? మూడోది ఎవరో ఒకరు అడగాలిగా?"

"మరి ఉమ్ సబ్రీ?"

"సలహా అడిగితే ఓ చేప ఎక్కువేస్తుంది."

మర్నాడు ఈనాస్ తానే పైకి వెళ్లింది. "మామయ్యా, హాల్లోకి పరదాలు నీలం కొనాలా, ఆకుపచ్చవి కొనాలా?"

ఫిక్రీ టై సవరించుకున్నాడు.

"రెండు పక్షాలూ వినాలమ్మా. ఆదివారానికి వాయిదా."